స్లో కుక్కర్‌లో పంది పక్కటెముకలు: అనంతపురంలో మా ఇంటి అనుభవం

మా ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ పంది మాంసం వండలేదు. చికెన్, మటన్, ఎప్పుడైనా చెరువు చేప, అంతే. అలాంటిది 2025 నవంబరులో, కరెంటు మీద నెమ్మదిగా ఉడికించే స్లో కుక్కర్ కొని, బెంగళూరు నుంచి పక్కటెముకలు తెప్పించి, కొరియా వాళ్ల పద్ధతిలో మసాలా పట్టించి, ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వండాను. మన వైపు ఎవరైనా చేసి చూడాలనుకుంటే ఎక్కడ ఎంతసేపు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో, ఎక్కడ టెన్షన్ పడాల్సి వస్తుందో ముందే తెలిసి ఉండాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఆయన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పనిచేస్తారు. ఆయన పై అధికారిది కొరియా. ఆ కుటుంబం మా వీధికి దగ్గరలోనే ఫ్లాటు తీసుకుని ఉండేది. ఆ ఇంటావిడ ఒకసారి మమ్మల్ని భోజనానికి పిలిచి ఈ పక్కటెముకలు పెట్టింది. మాంసం అంటే ముక్కు చిట్లించే మా పిల్లవాడు ఎముక చుట్టూ ఏమీ మిగలకుండా తిన్నాడు. ఆ తర్వాత కూడా వండినప్పుడల్లా ఒక డబ్బాలో వాడి కోసం పంపించేది. డిసెంబరులో వాళ్లు తిరిగి వెళ్లిపోతున్నారని తెలిశాక, వెళ్లేలోపు ఆ కూర నా చేత్తో వండి వాళ్లకు పెట్టాలని గట్టిగా అనిపించింది. కొలతలు ఆవిడనే అడిగి రాసుకున్నాను. స్లో కుక్కర్ సంగతి కూడా ఆవిడే చెప్పింది. కుక్కర్ విజిల్స్‌తో ముక్క మెత్తబడుతుంది కానీ ఎముక విడిపోయి కూర చిందరవందర అవుతుందని, తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికితేనే ముక్క నిలబడి మెత్తగా వస్తుందని ఆవిడ మాట.

ముందు మా అత్తమ్మను ఒప్పించాలి. ఆమె కార్తీకమాసమంతా నీచు ముట్టదు, ఇంట్లోకి రానివ్వదు. ఆ ఏడాది నవంబరు 20తో కార్తీకం అయిపోయింది. 21న పోలి పాడ్యమికి తెల్లవారుజామున దీపాలు వదిలి వచ్చాక, కాఫీ ఇచ్చి నెమ్మదిగా విషయం చెప్పాను. ఆమెకు మతం అభ్యంతరం కన్నా భయమే ఎక్కువ. "దాంట్లో పురుగులు ఉంటాయంటారు కదమ్మా, తలకెక్కి ఫిట్స్ వస్తాయంట. పిల్లోడికి పెడతావా?" అంది. ఆ భయం నాకూ లోపల ఉంది. మా చిన్నాన్న కూతురు డాక్టరు, ఫోను చేసి స్పీకరులో పెట్టాను. సరిగా ఉడకని మాంసం తింటే కడుపులోకి బద్దెపురుగు వస్తుందని, తలకెక్కేది మాత్రం ఆ పురుగు గుడ్లు మురికి నీళ్ల వల్ల, కడగని చేతుల వల్ల, కూరగాయల వల్ల నోట్లోకి పోతేనని విడమర్చి చెప్పింది. లోపలి దాకా 63 డిగ్రీలు దాటి ఉడికితే మాంసంలో ఉన్నవి బతకవని, గంటల తరబడి ఉడికే కూరలో వేడి అంతకు చాలా పైనే ఉంటుందని చెప్పాక అత్తమ్మ కొంచెం మెత్తబడింది. "నేనైతే తినను. నా గిన్నెలు, నా పెనం ముట్టుకోవద్దు" అంది. అంతవరకు ఒప్పుకోవడమే నాకు పెద్ద ఊరట. ఆ మాట మీదే 450 రూపాయలు పెట్టి మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు, మా ఊరి పాతూరులో 350కి కొత్త ఇనప పెనం కొన్నాను.

ఓనరమ్మకు కూడా ముందే చెప్పాను. అద్దె ఇంట్లో ఉంటూ చెప్పకుండా వండి, వాసన వచ్చాక సంజాయిషీ ఇచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. "మీ వంటింట్లో మీ ఇష్టం పాపా, శనివారం మాత్రం వద్దు. బొమికలు మా గేటు ముందర పడేయొద్దు, కుక్కలు లాక్కొస్తాయి" అంది.

స్లో కుక్కర్ అంతకుముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నాను, నాలుగున్నర లీటర్లది, 3,600 రూపాయలు. మొదట వచ్చినదానికి లోపలి పింగాణీ గిన్నె అంచు బీటలు వారి ఉంది. వెనక్కి పంపి కొత్తది వచ్చేసరికి వారం పట్టింది. అందుకే ఎవరైనా కొనేటప్పుడు చుట్టాలను పిలిచిన తేదీకి రెండు వారాల ముందే తెప్పించుకోండి. ఇంకో మాట: బటన్లు, టైమరు ఉన్న డిజిటల్ రకం కాకుండా చేత్తో తిప్పే నాబ్ ఉన్నది తీసుకున్నాను. కరెంటు పోయి వస్తే డిజిటల్‌వి చాలావరకు ఆగిపోయి అలాగే ఉండిపోతాయి, నాబ్ ఉన్నది కరెంటు రాగానే తనంతట తనే మళ్లీ మొదలవుతుంది. మన ఊళ్లలో ఈ తేడా చాలా ముఖ్యం, ఎలా అక్కరకొచ్చిందో కింద చెప్తాను.

22వ తేదీ శనివారం మా ఆయన ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్లారు. అక్కడ పంది మాంసం దుకాణాలు బాగానే ఉంటాయి, మనకు కావలసినట్టు కోసిస్తారు. రెండు కిలోలు, కిలో 520 చొప్పున 1,040 రూపాయలు. ఫోనులో ఒకటికి రెండుసార్లు చెప్పాను: ఫారంలో పెంచిన పంది కావాలి, పక్కటెముకల పలకను కూర ముక్కల్లా కొట్టించొద్దు, ఎముకకు ఎముకకు మధ్య మాత్రమే కోయించాలి అని. మన అలవాటు ప్రకారం చిన్న ముక్కలు కొట్టిస్తే ఎముక పొడి రాలుతుంది, తొమ్మిది గంటలు ఉడికాక అది పులుసులో ఇసుకలాగా తగులుతుంది. థర్మాకోల్ డబ్బాలో అడుగునా పైనా ఐసు పోయించి తెచ్చారు. హైవే మీద నాలుగు గంటల ప్రయాణం, సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరారు. డబ్బా తెరిచి చూస్తే ఐసు సగం పైగా గడ్డగానే ఉంది, మాంసం చల్లగా ఉంది.

శనివారం అత్తమ్మకు ఒక్కపొద్దు. ఆమె పలహారం చేసి, దేవుడి గది తలుపు వేసి పడుకునే వరకు డబ్బా వెనకవైపు వాష్ ఏరియాలోనే ఉంచాను, ఇంకో రెండు పాకెట్ల ఐసు వేసి. ఓనరమ్మ అన్నది కూడా గుర్తుంది, అందుకే ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు, కడగడం, నానబెట్టడం వరకే.

తొమ్మిదికి మొదలుపెట్టాను. మాంసం కడిగి పెద్ద ప్లాస్టిక్ టబ్బులో చల్లటి నీళ్లు, ఐసు ముక్కలు వేసి గంట నానబెట్టాను. ఇది మనం మటన్‌కి చేయం. అరగంటకే నీళ్లు ఎర్రగా మారాయి, పారబోసి మళ్లీ పోశాను. రెండోసారి నీళ్లు లేత గులాబీ రంగులో ఆగాయి. పచ్చి వాసన చాలావరకు ఇక్కడే పోతుంది. ఈ పని వదిలేసి పైన ఎంత మసాలా వేసినా వాసన కింద నుంచి వస్తూనే ఉంటుందని ఆ కొరియా ఆవిడ మరీ మరీ చెప్పింది.

తర్వాతది పొర తీయడం. ఎముకల వెనకవైపు పల్చగా, తెల్లగా మెరుస్తూ ఒక పొర అంటుకుని ఉంటుంది. అది ఉంటే మసాలా ఆ వైపు లోపలికి దిగదు, ఎంత ఉడికినా సాగుతూ పళ్లకు అడ్డం పడుతుంది. స్పూను వెనక కొనతో ఎముక చివర దగ్గర పొరను కాస్త లేపి, పొడి టిష్యూ కాగితంతో పట్టుకుని లాగాలి. ఉత్త చేత్తో పట్టుకుంటే జారిపోతుంది. కొన్ని ఎముకల మీద ఒక్క లాగుకే మొత్తం వచ్చింది, కొన్నిటి మీద పీలికలు పీలికలుగా వచ్చింది. దీనికే ముప్పావుగంట పట్టింది. నడుము పట్టేసింది కానీ, ఆ పొర చిర్రుమంటూ ఎముక మీద నుంచి ఊడి వస్తుంటే పని ముందుకు సాగుతోందన్న తృప్తి కలిగింది.

ఇక మసాలా. రెండు కిలోలకు ముప్పావు కప్పు సోయా సాస్, ఐదు చెంచాల బెల్లం తురుము, ఒక బేరిపండు, ఒక ఉల్లిగడ్డ, పదిహేను వెల్లుల్లి రెబ్బలు, రెండు అంగుళాల అల్లం, చెంచా మిరియాల పొడి, చెంచా వెనిగరు. అన్నీ మిక్సీలో మెత్తగా వేశాను. ఉప్పు అసలు వేయలేదు, సోయా సాస్‌లో ఉన్నదే చాలు. కొరియా వాళ్లు తమ దేశపు బేరిపండు వేస్తారు, మాంసం మెత్తబడటానికీ తీపికీ అదే. నేను పండ్ల అంగడిలో దొరికే మామూలు బేరిపండే వేశాను, బాగానే వచ్చింది. మటన్‌కి వేసినట్టు పచ్చి బొప్పాయి వేద్దామా అని అడిగితే ఆవిడ వద్దే వద్దంది. రాత్రంతా నాని మళ్లీ పగలంతా ఉడికేదానికి బొప్పాయి కూడా పడితే ముక్క పిండైపోతుందట.

కారం దగ్గర నేను ఎక్కువ ఆలోచించాను. వాళ్ల కారప్పొడి ఎర్రగా ఉంటుంది, మంట తక్కువ. మన గుంటూరు కారం రెండు చెంచాలు వేస్తే మేము తినగలం, వాళ్ల పిల్లలు తినలేరు. బ్యాడిగి మిరపకాయలు తొడిమలు తీసి, గింజలు దులిపి, పొడి కొట్టి రెండు చెంచాలు వేశాను. రంగు దాదాపు వాళ్లదే వచ్చింది, కారం పిల్లలు తట్టుకునేంతే ఉంది. నూనె విషయంలో మాత్రం ప్రత్యామ్నాయం దొరకలేదు. వాళ్లు నువ్వులు బాగా వేయించి తీసిన నూనె వాడతారు, ఆ కమ్మటి వాసన మన గానుగ నువ్వుల నూనెకు రాదు. బెంగళూరులోనే చిన్న సీసా కొన్నాం. సోయా సాస్, అది కలిపి 620 అయ్యింది. ఆ నూనె ఉడికేటప్పుడు వేయకూడదు, చివర్లోనే.

ముక్కలకు మసాలా పట్టించి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచేసరికి రాత్రి పదకొండున్నర. పింగాణీ గిన్నెలోనే కలిపి ఫ్రిజ్‌లో పెడితే ఒక గిన్నె కడిగే పని తప్పుతుంది కదా అనిపిస్తుంది. కానీ చల్లబడిన పింగాణీ ఒక్కసారిగా వేడికి తగిలితే పగులుతుందని కుక్కర్‌తో వచ్చిన కాగితంలోనే ఉంది. చదివి చూసుకోండి.

ఆదివారం పొద్దున ఏడున్నర. ఆవిడ చెప్పినట్టయితే మసాలా పట్టించే ముందే ముక్కలను మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు వేసి తీయాలి. రాత్రి పొయ్యి వెలిగించలేదు కాబట్టి నేను ఆ పని మానేసి, నీళ్లు మార్చి నానబెట్టడం మీదే ఆధారపడ్డాను. పింగాణీ గిన్నె అడుగున ఉల్లి చక్రాలు, ఒక అనాస పువ్వు వేసి, పక్కటెముకలను గిన్నె అంచు వెంబడి నిలబెట్టి పేర్చాను, కండ ఉన్న వైపు బయటకు. మిగిలిన మసాలా పైన పోశాను. నీళ్లు ఒక్క చుక్క కూడా పోయలేదు. మాడిపోతుందేమోనని చేయి నీళ్ల గ్లాసు మీదకు పోయింది, ఆవిడ మాట గుర్తుచేసుకుని ఆగాను. మాంసం ఫ్రిజ్‌లోంచి తీసింది కాబట్టి చల్లదనం త్వరగా పోవాలని మొదటి గంట నాబ్ 'హై' (ఎక్కువ వేడి) మీద పెట్టి, ఎనిమిదిన్నరకు 'లో' (తక్కువ వేడి) మీదకు తిప్పాను. గడ్డకట్టిన మాంసం మాత్రం ఇందులో ఎప్పుడూ నేరుగా వేయకూడదు. లోపల వేడెక్కేసరికి గంటలు పడుతుంది, ఆలోపు అది పాడవుతుంది.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు, అదే కష్టం. మనకు వంటంటే చప్పుడు, వాసన, కలపడం. ఇది పదింటి దాకా చప్పుడు లేదు, వాసన లేదు. గాజు మూత లోపల నీటి బొట్లు కూడి జారుతుండటం తప్ప ఏమీ కనబడదు. మూత తీస్తే వేడంతా పోయి, మళ్లీ ఆ వేడికి రావడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. అందుకని చేతులు కట్టుకుని కూర్చోవాలి. అత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి "అది ఉడుకుతా ఉందా, ఊరికే ఉందా?" అని అడిగింది. నాకూ అదే సందేహం. పదకొండు దాటాక మొదట అల్లం వెల్లుల్లి, తర్వాత అనాస పువ్వు వాసన ఇల్లంతా పరుచుకుంది. ప్రాణం కాస్త కుదుటపడింది.

ఒంటిగంట పదికి కరెంటు పోయింది. గుండె గుభేలుమంది. సాయంత్రం ఏడింటికి అతిథులు, ఇంట్లో ఇంకో కూర లేదు. మా ఇన్వర్టరు లైను వంటింట్లోకి లేదు, హాల్లో టీవీ పాయింటుకు మాత్రమే ఉంది. కుక్కర్ కింద చూస్తే 210 వాట్లు అని ఉంది, అంటే రెండు మూడు ఫ్యాన్లంత. మా ఆయన ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా వైరు లాగారు. ఐదు నిమిషాల్లో ఎర్ర లైటు వెలిగింది, నాబ్ ఉన్నది కాబట్టి కుక్కర్ తనంతట తనే మళ్లీ మొదలైంది. మూత మీద మందపాటి తువ్వాలు కూడా కప్పుదామనుకున్నాం కానీ అవసరం పడలేదు. కరెంటు రెండింటికి వచ్చింది. ఇన్వర్టరు లేకపోతే వెంటనే గిన్నెలోకి మార్చి గ్యాసు మీద ఉడికించేయాలి తప్ప, కరెంటు కోసం గంటలు గంటలు చూడకూడదు. గోరువెచ్చగా నిలిచిన మాంసం చాలా ప్రమాదం.

నాలుగున్నరకు మూత తీశాను. ఎముకల చివరలు అర అంగుళం మేర తెల్లగా బయటపడి ఉన్నాయి, కండ కిందికి జరిగింది. థర్మామీటరు గుచ్చితే 93 చూపించింది. అత్తమ్మను పిలిచి ఆ అంకె చూపించాను. ఒక ఎముక పట్టుకుని మెల్లగా తిప్పితే కండలో సులువుగా తిరిగింది, ఊడి మాత్రం రాలేదు. ఇదే కావలసింది.

కానీ చూడటానికి ఏమంత బాగా లేదు. రంగు వెలిసినట్టు గోధుమరంగు, చుట్టూ పల్చటి రసం. ఒక్క చుక్క నీళ్లు పోయకపోయినా దగ్గర దగ్గర రెండు గ్లాసుల రసం వచ్చింది, ఆవిరి బయటకు పోదు కాబట్టి. చాలామంది ఇక్కడే నిరాశపడి వడ్డించేస్తారనుకుంటాను. అసలు రుచి దీని తర్వాత చేసే పనిలోనే ఉంది.

ముక్కలను రెండు గరిటెలతో కింద ఆనించి పళ్లెంలోకి తీశాను, పట్టకారుతో పడితే విరిగిపోతాయి. రసం వడకట్టి స్టీలు గిన్నెలో డీప్ ఫ్రీజరులో అరగంట పెట్టాను. పైన వేలెడు మందాన కొవ్వు తెల్లగా పేరుకుంది, చెంచాతో పలకలా తీసేశాను. మిగిలిన రసాన్ని పెద్ద మంట మీద ఇరవై నిమిషాలు మరిగిస్తే మూడో వంతుకు దిగి, చెంచా వెనక అంటుకునేంత చిక్కబడింది. రుచి చూసి చెంచా బెల్లం కలిపాను. మరిగితే ఉప్పు కూడా చిక్కబడుతుంది, అందుకే ముందు ఉప్పు వేయకూడదనేది.

అతిథులు వచ్చి కూర్చున్నాక కొత్త పెనం పొగలు వచ్చేదాకా కాల్చి, చిక్కటి రసం పూసిన ముక్కలను ఒక్కో వైపు రెండు నిమిషాలు వేశాను. బెల్లం పెనానికి తగిలి చిటపటలాడుతూ ముదురు ఎరుపు తిరిగింది, అంచులు అక్కడక్కడ నల్లబడ్డాయి. పైన ఆ నువ్వుల నూనె రెండు చెంచాలు, దంచిన వేయించిన నువ్వులు, ఉల్లికాడలు. అప్పుడొచ్చింది ఆవిడ ఇంట్లో చూసిన రంగు, ఆ వాసన.

అన్నం వండాను, కానీ అత్తమ్మ ఎవరూ అడగకుండానే రాగి సంగటి కెలికింది. "ఇంత కూర చేసినావు, సంగటి లేకుంటే ఎట్లా?" అంది. ఆ చిక్కటి రసంలో సంగటి ముద్ద అద్దుకుని తింటే అన్నం కన్నా బాగుంది, నా మాట నమ్మండి. కొరియా ఆవిడ మొదటి ముక్క తినే దాకా నా కడుపులో దడగానే ఉంది. వాళ్ల కూర వాళ్లకే పెట్టడం కదా. తిని, వాళ్లాయనతో ఏదో అని, నా వైపు తిరిగి ఇంకో ముక్క వేసుకుంది. కారం ఎక్కడిదని అడిగింది. కాస్త తీపి తగ్గాలని, ఇంకొంచెం అల్లం పడొచ్చని కూడా చెప్పింది, అది నాకు మరీ నచ్చింది. వెళ్లేటప్పుడు బ్యాడిగి పొడి పాకెట్టు కట్టి ఇచ్చాను.

ఖర్చు చూస్తే కూర వరకు సుమారు 1,800, సామాను కొనడానికి 4,400. కరెంటు రెండు యూనిట్ల లోపే. పెద్దవాళ్లం నలుగురం, పిల్లలు ముగ్గురు తిన్నాక నాలుగు ముక్కలు మిగిలాయి. వాటిని రసంతో సహా చిన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, మంగళవారం పిల్లవాడి కోసం గ్యాసు మీద బాగా మరిగేదాకా వేడిచేశాను. స్లో కుక్కర్‌లో మాత్రం మిగిలిన కూర వేడిచేయొద్దు, అది వేడెక్కేది చాలా నెమ్మది. ఎముకలన్నీ కవరులో కట్టి ఫ్రీజరులోనే ఉంచి, పొద్దున చెత్త బండి వచ్చాక నేరుగా దాంట్లో వేశాను.